ఇయామూ పిడికిలి

బెనిన్ నగరంలో ఇగూన్ వీధివాళ్ళకి నోటి దురుసు ఎక్కువని ప్రతీతి. తరతరాలుగా ఇత్తడి పోతలు పోసేవాళ్ళు, నిప్పు దగ్గర బతికేవాళ్ళు, మాట చల్లగా ఎలా ఉంటుంది? కానీ ఇయామూ ఇంటివాళ్ళని ఏడిపించాలంటే ఆ వీధికి నోటితో పనే లేదు. ఎదురుపడగానే కుడిచెయ్యి పైకెత్తి, బొటనవేలు లోపలికి ముడిచి, ఖాళీ పిడికిలి ఒకసారి ఊపితే సరిపోతుంది. నూరేళ్ళ పైబడి ఆ వీధిలో ఆ ఎగతాళికి అరుగుదల లేదు.

దాని వెనక కథ చిన్నపిల్లలకి కూడా తెలుసు. ఇయామూ అనే పోతగాడు ఒకప్పుడు ఓ సర్దారు బొమ్మ పోశాడు. రాజు ముందు సర్దారు ఆడాలంటే చేతిలో ఎబెన్ ఉండాలి. విసనకర్రలా వెడల్పైన ఆ కత్తిని గాల్లోకి ఎగరేసి పట్టుకుంటూ ఆడటమే రాజుకి చేసే దండం. ఇయామూ బొమ్మ చెయ్యి ఎత్తింది, కాలు కదిపింది, బుగ్గలు పొంగించింది. కత్తి మాత్రం లేదు. పెట్టడం మరిచిపోయాడట! సిగ్గేసి, ఉప్పు మూటకి ఎవరో తెల్లదొరకి ఇచ్చి వదిలించుకున్నాడట. ముందు మైనంతో బొమ్మ చేసి, పైన మట్టి పూసి కాల్చి, మైనం కరిగిపోయిన చోట ఇత్తడి పోస్తారు. మైనంలో లేనిది ఇత్తడిలో రాదన్నది ఆ వీధి మొదటి పాఠం. ఆ పాఠం తప్పినవాడి సంతతిని వీధి ఊరికే వదులుతుందా?

ఎనియె ఆ సంతతిలోనే పుట్టింది. ఇయామూ ఆమెకి ముత్తాత. బడికి వెళ్ళే దారిలో ఎరాబో గారి అరుగు దాటాలి. ఎరాబో అప్పటికి ముప్పై దాటినవాడు, పక్క కొలిమి ఆయనది. వేపపుల్ల లాంటి పుల్ల ఒకటి నములుతూ కూర్చునేవాడు. ఆ పిల్ల కనబడితే పుల్ల ఎడమచేతికి మార్చుకుని మరీ కుడి పిడికిలి ఎత్తేవాడు.

"ఏమ్మా, మీ ముత్తాత కత్తి దొరికిందా?"

"దొరికితే ముందు నీ మీసమే గొరిగిస్తాను పెదనాన్నా!" అనేది ఎనియె. ఆ మాటకి ఆయన పొట్ట పట్టుకుని నవ్వేవాడు. ఆ పిల్ల మాత్రం మలుపు తిరిగాక ఏడ్చేది.

ఆడపిల్ల కాబట్టి పోత పోసే చోటికి రానివ్వలేదు. అది ఇగూన్ కట్టడి, దాని మీద ఎనియె జీవితమంతా గొణిగింది గాని దాటలేదు. అయితే మైనం పని ఇంటి వసారాలోనే జరుగుతుంది, కళ్ళకి ఎవరు గంతలు కడతారు? తండ్రి ఐగ్బే ఒళ్ళో మట్టిదిమ్మె పెట్టుకుని దాని మీద మైనం పరుస్తుంటే ఆమె పక్కనే చతికిలబడేది. బొమ్మ పీఠం చుట్టూ తాడులా ఒక అంచు తిప్పుతారు. రెండు మైనపు పోగులు కలిపి పేని అంటిస్తారు. వీధి అంతా ఒకవైపుకి పేనితే, వాళ్ళింట్లో మాత్రం దానికి ఎదురు పేనేవారు. పెడపురి. ఎందుకని అడిగితే తండ్రి నవ్వేవాడు.

"మా తాతది ఎడమచెయ్యి తల్లీ. ఆయన తాడు అలా తిరిగింది. మా నాన్నది కుడిచెయ్యే, అయినా తాత పోయాక ఆయన మీది ప్రేమకొద్దీ పెడపురే పేనాడు. నేనూ అంతే."

"మరి వీధివాళ్ళు నవ్వరా?"

"నవ్వేవాళ్ళు కత్తికి ఎలాగూ నవ్వుతున్నారు కదే! తాడు చూసే తీరిక ఎవడికుంది?"

పెద్దదై, చదువుకుని, టైర్లు అమ్మే ఓ మంచివాణ్ణి పెళ్ళాడింది. బెనిన్‌లో ఉండే ఎడోవాళ్ళలో ప్రతి వంశానికీ పొద్దున లేవగానే పెద్దలకి పెట్టే దండం మాట వేరే ఉంటుంది, పెళ్ళైన పిల్ల అత్తింటి మాట నేర్చుకోవాలి. ఎనియె నేర్చుకుంది. మొదటి రోజు పొద్దున్నే మోకరిల్లి కొత్త దండం తప్పులేకుండా పలికితే, అత్తగారు మెచ్చుకుని, వెంటనే పిడికిలి ఎత్తి, "ఇది మాత్రం పుట్టింటి నుంచే తెచ్చుకున్నావు" అంది. దండం మారినా పిడికిలి వదల్లేదు. ఆ రాత్రి ఎనియె మొగుడి మీద కోపం తీర్చుకుందని, పాపం అతనికి ఎందుకో ఇప్పటికీ అర్థం కాలేదని చుట్టాలు చెప్పుకుంటారు.

ఆమె ఉద్యోగం విచిత్రమైనది. పూర్వం, ఇయామూ బతికున్న కాలంలోనే, తెల్లవాళ్ళ సేన ఊరిమీద పడి, రాజభవనం దోచి, తగలబెట్టి, రాజుని దూరాన కలబార్‌కి చెరపట్టి తీసుకుపోయింది. దోచినవి ప్రపంచమంతా మ్యూజియాల్లో చెల్లాచెదురయ్యాయి. ఏ బొమ్మ ఎక్కడుంది, ఏ చేతులు మారి అక్కడికి చేరింది, అసలు ఎవరింటిది అని కూపీ తీసే పని ఎనియెది. మ్యూజియాలు ఫొటోలు పంపితే, ఆమె ట్యాబ్ చంకలో పెట్టుకుని ఇల్లిల్లూ తిరుగుతుంది. ముసలివాళ్ళ పక్కన కూర్చుని అకరా అనే అలసంద గారెలు తింటూ, వాళ్ళ మోకాళ్ళ నొప్పులన్నీ విని, ఆఖర్న మెల్లగా బొమ్మ చూపిస్తుంది. పరాయి దేశపు మ్యూజియాల్లో బొమ్మ పక్కన పెట్టే కార్డుల మీద ఎప్పుడూ ఒకటే మాట ఉంటుంది, చేసినవారు తెలియదు. ఆ మాట చూస్తే ఆమెకి ఒళ్ళు మండేది. తెలియకపోవడమేమిటి? అడగలేదు, అంతే.

అలా తిరుగుతున్న రోజుల్లోనే, జర్మనీలో ఒక మ్యూజియం నుంచి ఉల్రికె అనే ఆవిడ పంపిన ఫొటోల్లో అది కనబడింది. మోచేతి పొడవు సర్దారు, కాలు కదుపుతున్నాడు, బుగ్గలు పొంగించాడు. కుడిచెయ్యి పైకి, పిడికిలి ఖాళీ. కార్డు మీద రాసి ఉంది, ఎడో సర్దారు, ఎబెన్ విరిగిపోయింది, బహుశా రాజభవనం నుంచి, చేసినవారు తెలియదు. కింద కొయ్యపీట బిగించడంతో పీఠం అంచు కనబడటం లేదు.

ఇది ముత్తాతదే అని ఎనియెకి తోచింది. ఎవరికీ చెప్పకుండా రెండు మూడు రోజులు ఆ ఫొటోని చంకలో మోసింది.

దాగుతుందా? ఎరాబో ఇంట్లో వేరే ఫొటో చూపిస్తుంటే వేలు జారి ఇది ముందుకొచ్చింది. ఎరాబో ఇప్పుడు వీధి పెద్దల్లో ఒకడు, మీసం నెరిసింది, పుల్ల మాత్రం మానలేదు. కళ్ళద్దాలు సర్దుకుని ముందుకి వంగాడు.

"ఆగాగు. ఇదెవరిదే? అబ్బబ్బ! ఆ మోకాలి వంపు చూడు. ఆ కండ చూడు. ఇది పాతకాలపు చెయ్యమ్మా, రాజభవనం పని. ఇలాంటి చెయ్యి ఇప్పుడెవడికుంది?"

"కత్తి లేదు కదా పెదనాన్నా" అంది ఎనియె.

"సోల్జర్లు విరిచేసుంటారు, దొంగముండాకొడుకులు! కార్డు మీద రాసే ఉందిగా. ఎప్పుడిస్తారట ఇది?"

నవ్వాలో ఏడవాలో ఆమెకి తెలియలేదు. తన ముత్తాతని నూరేళ్ళు ఎగతాళి చేసిన ఇంటి పెద్ద, తన ముత్తాత పనికే చేతులెత్తి మొక్కుతున్నాడు!

సాయంత్రానికి కబురు వీధంతా పాకింది. రాజభవనం సర్దారు ఇంటికొస్తున్నాడన్నారు. డప్పులవాళ్ళతో మాట్లాడేశారు, తెల్లబట్టలు కుట్టించుకోవడం మొదలెట్టారు. ఎనియె ఉల్రికెకి ఫోన్ చేసింది.

"వెనక నుంచి ఒక ఫొటో కావాలి. కొయ్యపీట తీసి."

"తీయిస్తాను. కానీ ఎనియె గారూ, ఒక సంగతి. దండయాత్రలో దోచినవన్నీ ఇచ్చేయాలని ఇక్కడ నిర్ణయమైపోయింది. తర్వాతి కాలంలో అమ్మినవి మాత్రం ఇక్కడే ఉంటాయి. ఈ బొమ్మకి మా దగ్గర ఆధారమంటూ ఏదీ లేదు. మీ వీధి ఎలా చెబితే అలాగే."

అదీ చిక్కు. దోచినదే అని ఒక్క మాట రాస్తే సర్దారు ఇంటికొస్తాడు. నిజం రాస్తే అక్కడే ఉండిపోతాడు.

వెనక ఫొటో రాగానే తండ్రి దగ్గరికి పరుగెత్తింది. ఐగ్బేకి ఎనభై దగ్గర పడుతోంది. ఒక కన్ను పూర్తిగా పోయింది, రెండోది పోయే దారిలో ఉంది.

"నాన్నా, ఇది చూడు."

"నాకేం కనబడుతుందే? పెద్దది చెయ్యి." వేలితో తడమబోతే బొమ్మ పక్కకి గెంతింది. "ఇదేమిటే, కోడిపిల్లలా కదులుతోంది! పట్టుకో."

ఆమె ట్యాబ్ కదలకుండా పట్టుకుంది. ముసలాయన పీఠం అంచుని కంటికి ఆనించుకున్నంత దగ్గరగా చూశాడు.

"పెడపురి."

"అవును నాన్నా."

"మా తాతది. ఇది మా తాత తాడు." వేలితో పైకి చూపించాడు. "పైకి జరుపు. పిడికిలి చూపించు."

పిడికిలి వెనక భాగం ముందుకొచ్చింది. ఎదురుగా, కింద నుంచి తీసిన ఫొటోలో వేళ్ళ వెనక దాగిపోయినది ఇక్కడ స్పష్టంగా కనబడుతోంది. బొటనవేలు. నిటారుగా పైకి లేచి ఉంది.

ఎనియె అంది, "కత్తి పట్టినవాడి బొటనవేలు మిగతా వేళ్ళ మీదికి మడుచుకోవాలి కదా నాన్నా? పిడికిట్లో చిల్లు కూడా లేదట, ఉల్రికె చూసి చెప్పింది. విరిగింది కాదు. మరిచిందీ కాదు."

బొటనవేలు లేచిన పిడికిలి ఏమిటో ఏ ఎడో మనిషికీ చెప్పనక్కర్లేదు. ఒకరు ఇచ్చింది కాకుండా తన రెక్కలతో తాను నిలబెట్టుకున్నదానికి గుర్తుగా మగవాడు తన చేతికే ఒక పూజాపీఠం కట్టి మొక్కుకుంటాడు. ఆ పీఠాల మీద ఉండే పిడికిలి అది.

"మా తాత నన్ను భుజాన ఎక్కించుకుని వీధిలో తిప్పేవాడే" అన్నాడు ఐగ్బే. "ఎరాబో వాళ్ళ తాత అరుగు మీంచి కేకేసేవాడు, 'ఏదిరా కత్తి?' అని. మా తాత పిడికిలి ఎత్తేవాడు. ఇలా, వేలు పైకి. ఎత్తి నవ్వేవాడు. వాళ్ళు కూడా ఎత్తి నవ్వేవాళ్ళు. అది పరాచికం అనుకున్నారు అందరూ. ఆయన జవాబు చెబుతున్నాడే తల్లీ! రోజూ జవాబు చెప్పాడు. ఒక్కడికీ వినబడలేదు."

"ఎందుకు నోరు విప్పి చెప్పలేదు?"

"ఏమని చెబుతాడు? రాజు కలబార్‌లో చెరలో ఉన్నాడు. గద్దె ఖాళీ. ఎవరి ముందు ఎగరేస్తాడు సర్దారు కత్తి? రాజు ఇస్తేనే కదా అది చేతికొచ్చేది? కొలుములన్నీ ఆరిపోయి, సగం వీధి అడవిలో దుంపలు తవ్వుకుని తింటోంది. అలాంటప్పుడు ఎక్కడ తెచ్చాడో ఇత్తడి, పోశాడు. రాజు లేడు, కత్తి లేదు. చెయ్యి ఉంది." చెయ్యి చాపాడు. "దాన్ని ఒక్కసారి తడమాలనుందే. ఈ కన్ను కూడా పోయేలోపు."

ఎనియె ఆయన చెయ్యి పట్టుకుంది.

"దోచినదని రాస్తే వచ్చేస్తుంది నాన్నా. ఎవరూ అడగరు. వీధి అంతా అదే కోరుకుంటోంది."

"అలా రాస్తే ఊరు తగలబడక ముందు పోసిందవుతుంది."

"అవుతుంది."

"మరి మా తాత ఎక్కడికి పోతాడు?"

ముసలాయన ట్యాబ్ ఆమె ఒళ్ళోకి నెట్టాడు. నెట్టడానికి ఎంత కష్టపడ్డాడో ఆమె చూసింది.

"మైనంలో లేనిది ఇత్తడిలో రాదమ్మా. అబద్ధం పెట్టి పోస్తే అబద్ధమే చేతికొస్తుంది. ఉన్నది ఉన్నట్టు రాయి. ముందు వీధి పెద్దల దగ్గర చెప్పు."

"వాళ్ళ మధ్యలో ఆడదాన్ని, నన్ను మాట్లాడనిస్తారా?"

"ఆడదానివని పోత పోయనివ్వలేదు గాని, మాట్లాడొద్దని ఎవడన్నాడు? నీ నోటికి ఎవడు అడ్డమొస్తాడో నేనూ చూస్తా."

పెద్దలు కూర్చున్నారు. తాంబూలంలా కోలా కాయ విరిచి పంచారు. ఎరాబో ఊరేగింపు ఏ దారిన రావాలో, ఎవరు ముందు నడవాలో చెబుతున్నాడు. ఎనియె తండ్రి చెయ్యి పట్టుకుని లోపలికొచ్చి, కూర్చోకుండానే చెప్పేసింది. అది రాజభవనం బొమ్మ కాదు. రాజు లేని ఏళ్ళలో ఇయామూ పోసింది.

ఎరాబో లేచాడు.

"సిగ్గు లేదటే? మీ ఇంటి మచ్చ కడుక్కోవడానికి రాజభవనం బొమ్మే దొరికిందా?"

"పెదనాన్నా, నేను చెప్పను. నువ్వే చెప్పు." ఆమె ట్యాబ్ ఆయన ముందు పెట్టింది. "ఈ తాడు ఏ ఇంటిది?"

ఎరాబో పొగరుబోతే, కాదనను. కానీ చేసిన పని చూసి అబద్ధం చెప్పే రకం కాదు. ఇగూన్‌లో ఆ రకం పుట్టలేదు. అద్దాలు తుడుచుకుని చూశాడు. మళ్ళీ తుడుచుకున్నాడు.

"పెడపురి" అన్నాడు, బలవంతాన పన్ను పీకించుకున్నవాడిలా.

"ఇలాంటి చెయ్యి ఇప్పుడెవడికుందని మొన్న నువ్వే అన్నావు" అన్నాడు ఓ మూల నుంచి ఎవరో. నవ్వులు లేచాయి. ఎరాబో మొహం కొలిమిలా ఎర్రబడింది.

ఎనియె నవ్వలేదు. బొటనవేలు చూపించింది. ఐగ్బే తన కుడిచెయ్యి ఎత్తాడు, తాత ఎత్తినట్టే. వేలు నిటారుగా నిలబడింది. నవ్వులు ఆగిపోయాయి. ఆ పిడికిలిని ఆ గదిలో ప్రతివాడూ చిన్నప్పటి నుంచి ఎత్తుతూనే ఉన్నాడు, వేలు ముడిచి.

ఎరాబో మాత్రం వదల్లేదు. "అయితే అది రాదు. అంతేగా? వాళ్ళ గాజుపెట్టెలోనే ఉంటుంది. అదేనా నువ్వు సాధించింది?"

ఆ మాట తగలవలసిన చోటే తగిలింది. ఎనియె మాత్రం గొంతు తగ్గించలేదు.

"దోచుకున్నవి రావాల్సిందే పెదనాన్నా. ఒక్కటి కూడా వదలను, నా కాళ్ళరిగినా సరే. కానీ ఇది వాళ్ళు దోచుకోలేకపోయింది. ఊరు తగలబెట్టారు, రాజుని ఎత్తుకుపోయారు, ఈ చెయ్యిని మాత్రం ఏమీ చెయ్యలేకపోయారు. ఆ రోజుతో ఇగూన్ చచ్చిపోయిందని వాళ్ళ పుస్తకాల్లో రాసుకున్నారు. ఈ సర్దారుని కూడా దోపిడీ మూటలో కలిపేస్తే, అవును నిజమే, చచ్చిపోయాం అని మనం వేలిముద్ర వేసినట్టు కాదా? వాళ్ళ ఇంట్లోనే నిలబడనీ. మేం చావలేదని వాళ్ళ మొహం మీదే చెయ్యెత్తి చెప్పనీ!"

ఎవరూ చప్పట్లు కొట్టలేదు, అది అలాంటి చోటు కాదు. పెద్దాయన ఒకడు మిగిలిన కోలా ముక్క ఐగ్బే చేతిలో పెట్టాడు. ఎరాబో చెప్పులేసుకుని వెళ్ళిపోయాడు. డప్పులవాళ్ళని వద్దన్నారు. కుట్టించిన బట్టలు వేరే పండక్కి దాచుకున్నారు. ఎనియె ఉన్నది ఉన్నట్టు రాసి పంపింది.

వానలు వెళ్ళాక ఉల్రికె ఫొటో పంపింది. సర్దారు వెనక ఒక అద్దం పెట్టారు, బొటనవేలు అందరికీ కనబడేలా. కొత్త కార్డుని ఎనియె తండ్రికి చదివి వినిపించింది.

"ఇయామూ. ఇగూన్ వీధి, బెనిన్. రాజు లేని ఏళ్ళలో పోసినది. కత్తి విరగలేదు."

"మళ్ళీ చదువు" అన్నాడు ఐగ్బే. చదివింది. "మొదటి మాట మళ్ళీ."

"ఇయామూ."

"ఆఁ" అన్నాడు ఆయన, పేరు పెట్టి పిలిస్తే పలికినట్టు.

మర్నాడు పొద్దున్నే ఆమె నాన్నకి అకరా కొనడానికి వీధిలోకొచ్చింది. పెద్దల సభ తర్వాత ఎరాబో ఆమెతో మాట్లాడలేదు. అరుగు మీద పుల్ల నములుతూ కూర్చున్నాడు. ఆమెని చూశాడు. పుల్ల ఎడమచేతికి మార్చుకున్నాడు. యాభై ఏళ్ళుగా అలవాటైన వేళాకోళం కోసం ఎనియె ఆగి నిలబడింది.

కుడిచెయ్యి లేచింది. పిడికిలి బిగిసింది. బొటనవేలు అలవాటు కొద్దీ లోపలికే ముడుచుకుంది. ముసలాయన దాని వైపు చూసుకుని, విసుక్కుని, పుల్ల నోట్లో కరిచిపెట్టి, ఎడమచేత్తో ఆ వేలిని పైకి లాగి నిలబెట్టాడు.

ఎనియె అకరా పొట్లం చంకలో పెట్టుకుని తన పిడికిలి ఎత్తింది.

"మీ నాన్న లేచాడా?" అన్నాడు ఎరాబో, పుల్ల పళ్ళ మధ్యనే ఉంచుకుని. "రేపు ఓ సర్దారుకి మైనం మొదలెడుతున్నాం. మీ ఇంట్లో పెట్టుకోవడానికే. తాడు పేనడానికి మాత్రం ఆయనే రావాలి. ఆ దిక్కుమాలిన పెడపురి మావాళ్ళెవరికీ తిరగడం లేదు."